పాస్‌పోర్టు సరే, ఫోను మాటేమిటి?

రాజంపేట దగ్గర ఒక పల్లెలో, కువైట్‌లో ఆరేళ్లు ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఒకామెతో మాట్లాడుతున్నాను. జీతం సరిగా ఇచ్చారా, తిండి పెట్టారా, కొట్టారా, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండేది - ఇలా మన ప్రశ్నావళుల్లో మామూలుగా ఉండే ప్రశ్నలన్నీ అడిగాను. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. పుస్తకం మూసి లేవబోతుంటే ఆమే అంది: "ఒకటి అడగలేదక్కా నువ్వు. మా నాయిన చచ్చిపోయినాడని నాకు పన్నెండు దినాలకు తెలిసింది. కర్మాంతరం గూడా అయిపోయినాంక. నా ఫోను మేడం బీరువాలో ఉండె."

నిజమే, నేనా ప్రశ్న అడగలేదు. ఏళ్ల తరబడి వలస స్త్రీల గురించి పనిచేస్తూ కూడా ఫోను గురించి అడగాలని నాకు తోచలేదు. ఆ తర్వాత నుంచి ప్రతి ఒక్కరినీ అడగడం మొదలుపెట్టాను. వచ్చిన జవాబులు చాలావరకు ఒకే రకంగా ఉన్నాయి. "శుక్రవారం ఒక గంట ఇస్తారు." "పిల్లోళ్లు పండుకున్నాంక వైఫై ఆపేస్తారు." "పాస్‌వర్డు చెప్పరు, వాళ్లే కొట్టి ఇస్తారు." "మేడం ఎదురుగ్గానే, స్పీకరు పెట్టి మాట్లాడల్ల." తెలుగు రాని మేడం ముందు స్పీకరు పెట్టి మాట్లాడితే నష్టమేమిటని అడిగాను. "మొగం చూస్తాది గదక్కా. ఏడిస్తే తీసేసుకుంటాది" అంది.

పరాయి దేశంలో ఎక్కువకాలం ఉండాల్సి వచ్చినప్పుడు ఇంటర్నెట్ ఎలా సంపాదించుకోవాలి, అది నిలకడగా, భద్రంగా ఉండాలంటే ఏం చేయాలి అన్నదాన్ని మనం ఇంతవరకూ ప్రయాణికుల సమస్యగానే చూశాం. ఏ కంపెనీ సిమ్ కొనాలి, ఎన్ని రోజుల ప్యాకేజీ తీసుకోవాలి అనే మాటల దగ్గరే అది ఆగిపోతుంది. చదువుకోసమో ఉద్యోగం కోసమో వెళ్లే మధ్యతరగతివాళ్లకు అది అంతే కావచ్చు. కానీ మరొకరి ఇంట్లో ఉంటూ, ఆ ఇంట్లోనే పనిచేస్తూ, ఆ ఇంటి యజమాని పేరుమీదే ఆ దేశంలో ఉండే హక్కు పొందిన స్త్రీకి అది సౌకర్యాల ప్రశ్న కాదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి అన్నది ఎంత హక్కుల ప్రశ్నో ఇదీ అంతే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ముందు నా సంగతి చెప్తాను. 2022లో పరిశోధన పనిమీద దుబాయ్‌లో ఐదు నెలలున్నాను. ఆ దేశంలో వాట్సాప్‌లో సందేశం పోతుంది, ఫోటో పోతుంది, రికార్డు చేసిన మాటా పోతుంది. నేరుగా మాట్లాడదామంటే మాత్రం కాల్ కలవదు. ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి కొన్ని యాప్‌లలోనే మాట్లాడుకోవాలి. సౌదీ అరేబియా ఇలాంటి నిషేధాన్ని 2017 సెప్టెంబరులో ఎత్తేసింది కానీ ఎమిరేట్స్ ఎత్తలేదు. ఇంటి దగ్గర అమ్మకు కొత్త యాప్ నేర్పించడానికి నాకు రెండు వారాలు పట్టింది. నేను చేసిన ఇంటర్వ్యూల రికార్డింగులు ఏ దారిన ఇంటికి పంపితే ఆ స్త్రీలకు ప్రమాదం రాదో తెలియక వాటిని చివరిదాకా నా దగ్గరే పెట్టుకున్నాను. ఫ్లాటు యజమాని ఇచ్చిన వైఫైని నమ్మాలా వద్దా అని రోజూ ఆలోచించేదాన్ని.

చిరాకు పడ్డాను, డబ్బు ఖర్చయింది. అయినా నా గదికి గడియ ఉంది. సిమ్ నా పేరుమీద ఉంది. నచ్చకపోతే వైఫై వదిలేసి సొంత డేటా వాడుకునే స్తోమత ఉంది. అదే భవనంలో పైఅంతస్తులో పనిచేసే పశ్చిమగోదావరి అమ్మాయికి వీటిలో ఒక్కటి కూడా లేదు. చెత్తబుట్ట పట్టుకుని కిందికి వచ్చినప్పుడు మాత్రమే ఆమె నాతో మాట్లాడేది. "మేడమ్ గారూ, ఒక్కసారి మీ ఫోన్లోంచి మా బాబుకి మెసేజ్ పెట్టండి" అని అడిగేది. జవాబు ఆమెకు మర్నాడు, మళ్లీ చెత్త తెచ్చినప్పుడు అందేది.

మన ప్రాంతాలనుంచి గల్ఫ్‌కు స్త్రీలు వెళ్లడం ఈనాటిది కాదు. కడప, చిత్తూరు, ఉభయగోదావరి జిల్లాలనుంచి దశాబ్దాలుగా వెళుతున్నారు. మొదట్లో ఉత్తరాలు, అవి కూడా ఎవరో రాసిపెడితేనే. తర్వాత ఊరికి వచ్చేవాళ్ల చేత క్యాసెట్లు పంపడం, ఎస్టీడీ బూతు దగ్గర ఫలానా రోజు ఫలానా గంటకు కాచుకుని కూర్చోవడం. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యాలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు మనవాళ్లు బతికున్నారో లేదో తెలియక పల్లెలకు పల్లెలు వారాల తరబడి ఎదురుచూశాయి. ఆ రోజులతో పోలిస్తే ఇప్పుడు ఎంత సుఖమో అనిపిస్తుంది. కానీ అప్పుడు వార్త అందకపోవడానికి కారణం దూరం, యుద్ధం. ఇప్పుడు అన్నీ అందుబాటులో ఉండి, ఒక బీరువా తాళం వల్ల అందడం లేదు. ఈ తేడా ముఖ్యం. దూరాన్ని ఎవరూ శిక్షించలేరు. తాళం వేసినవాళ్లను మాత్రం ప్రశ్నించవచ్చు.

ఆ తాళం ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. కువైట్‌లో నివసించేవాళ్లు సిమ్ తీసుకోవాలంటే మామూలుగా సివిల్ ఐడీ కావాలి. మనవాళ్లు బతాకా అంటారు. ఖాదిం వీసామీద, అంటే 20వ నంబరు వీసామీద వెళ్లిన స్త్రీకి ఆ కార్డు రావాలంటే యజమాని అకామా కొట్టించాలి. అది అయ్యేదాకా ఆమె తన పేరుమీద సిమ్ తీసుకోవడం కష్టం. అందుకని యజమాని పేరుమీదో, ఏజెంటు పేరుమీదో, ముందుగా వెళ్లిన చుట్టాల పేరుమీదో ఉన్న సిమ్ వాడుతుంది. సిమ్ ఎవరి పేరుమీద ఉంటే వాళ్లు దాన్ని ఆపేయించవచ్చు, ఇంకొకటి తీసుకోవచ్చు, ఆ నంబరుకు వచ్చే రహస్య సంఖ్యతో ఆమె వాట్సాప్‌ను తమ ఫోనులోకి లాక్కోవచ్చు. హింస భరించలేక ఇల్లు వదిలి బయటపడ్డ స్త్రీ మీద యజమాని పరారీ కేసు పెడితే ఆమె అకామా పోతుంది. అప్పటినుంచి ఆమె 'ఖల్లివల్లి'. సొంత పేరుతో సిమ్ కూడా ఉండదు. సహాయం ఎక్కువగా అవసరమైన సమయంలోనే ఆమెకు అన్ని దారులూ మూసుకుపోతాయి.

పైగా ప్రభుత్వమే ఇప్పుడు ఫోన్లోకి వచ్చేసింది. 2020లో కువైట్ గుర్తింపు కార్డును ఫోనులో చూపించుకునే ఏర్పాటు చేశారు. 2021లో ప్రభుత్వ సేవలన్నిటికీ కలిపి సహెల్ అనే యాప్ పెట్టారు. ఫోను యజమాని చేతిలో ఉంటే తన అకామా సంగతేమిటో, తనమీద ఏ కేసు పడిందో చూసుకునే దారి కూడా ఆ చేతిలోనే ఉంటుంది.

ఇక్కడే 'భద్రత' అనే మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 2016 నుంచి వాట్సాప్ సందేశాలను పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరని చెప్తారు. అది నిజమే. కానీ ఆ రక్షణ దారిమధ్యలో కాపుకాసే దొంగనుంచి. ఇంటిపని చేసే స్త్రీకి భయం దారిలో ఉన్నవాళ్లతో కాదు, తన ఫోనును చేతిలోకి తీసుకునేవాళ్లతో. రాత్రి పూట ఫోను తీసుకుని ఐదు నిమిషాల్లో ఆమె వాట్సాప్‌ను తమ కంప్యూటరుకు కలుపుకుంటే, ఆ తర్వాత ఆమె రాసిన ప్రతి మాటా అక్కడ కనిపిస్తుంది. సాంకేతిక నిపుణులు రాసే భద్రతా సూత్రాలన్నీ ఫోను వాడేవాళ్ల సొత్తు అనే ఊహతో మొదలవుతాయి. మన స్త్రీల విషయంలో మొదట నిలబెట్టుకోవాల్సింది ఆ ఊహనే.

అదే ఇంటర్నెట్ యజమానులకు ఏ రకంగా ఉపయోగపడుతున్నదో కూడా చూడాలి. 2019 అక్టోబరు చివర్లో బీబీసీ అరబిక్ విభాగం ఒక పరిశోధన బయటపెట్టింది. కువైట్‌లో ఇంటిపని చేసే స్త్రీలను ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లోనూ ఫోటోలు పెట్టి, ధర కట్టి, ఒక యజమాని ఇంకొక యజమానికి అమ్ముతున్నారు. కొనేవాళ్లలా నటించి వెళ్లిన విలేఖరులకు ఆ అమ్మేవాళ్లలో దాదాపు అందరూ ఇచ్చిన సలహా ఏమిటంటే - పాస్‌పోర్టు తీసుకోండి, బయటికి పంపకండి, సెలవు ఇవ్వకండి, ఫోను దాదాపు ఇవ్వకండి. ఫోను ఇవ్వకపోవడం ఒక ఇంటివాళ్ల దురుసుతనం కాదనీ, పాస్‌పోర్టు లాక్కోవడంతో పాటు ఒకే వరసలో చెప్పుకునే పద్ధతి అనీ దీన్నిబట్టి స్పష్టమవుతుంది. ఆమెను అమ్మడానికి ఇంటర్నెట్ ఉంది. తనను అమ్మారని చెప్పుకోవడానికి ఆమెకు లేదు.

మరి చట్టాలు ఏమంటున్నాయి? అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం 2011 జూన్‌లో 189వ ఒడంబడికను ఆమోదించింది. యజమాని ఇంట్లోనే ఉండే కార్మికుల ఏకాంతాన్ని గౌరవించాలని అందులో ఉంది. ప్రయాణ పత్రాలు, గుర్తింపు పత్రాలు కార్మికుల దగ్గరే ఉండాలని ఉంది. దానికి అనుబంధంగా వచ్చిన 201వ సిఫారసు, సహాయం కోరేవాళ్లకోసం భాష అనువదించే ఏర్పాటుతో సహా ఒక ఫోను నంబరు పెట్టాలని చెప్పింది. మంచిదే. కానీ ఆ నంబరుకు ఫోను చేయాలంటే ఫోను ఉండాలి కదా! మన దేశం ఆ ఒడంబడికను ఇప్పటికీ ధృవీకరించలేదు. కువైట్ కూడా ధృవీకరించలేదు. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికి ఒకరోజు సెలవు, 12 గంటల పని పరిమితి ఇచ్చింది. కార్మికుల సమ్మతి లేకుండా పాస్‌పోర్టు ఉంచుకోకూడదంది. పరాయి ఇంట్లో ఒంటరిగా ఉన్న స్త్రీ సమ్మతికి ఎంత విలువుంటుందో మనకు తెలియనిది కాదు.

ఫోను మాట ఎత్తిన ఒప్పందం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక ఫిలిప్పీన్స్ కార్మికురాలి శవం కువైట్‌లో ఖాళీ ఫ్లాటులోని ఫ్రీజరులో దొరికింది. ఆ దేశంలో ఆందోళన చెలరేగింది. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కువైట్‌కు కార్మికులను పంపడం ఆపేసింది. ఆ తర్వాత మే నెలలో రెండు దేశాలమధ్య కుదిరిన ఒప్పందంలో పాస్‌పోర్టుతో పాటు సెల్‌ఫోను కూడా కార్మికురాలి దగ్గరే ఉండాలని రాసుకున్నారు. ఆ ఒప్పందం ప్రతి ఇంట్లో అమలవుతున్నదని నేను చెప్పడంలేదు. కానీ కాగితంమీద ఉన్న హక్కుకోసం కొట్లాడవచ్చు. లేనిదానికోసం బతిమాలుకోవాలి. మన దేశం కూడా 2021 జూన్‌లో కువైట్‌తో ఇంటిపనివారి గురించి ఒప్పందం చేసుకుంది, 24 గంటల సహాయ ఏర్పాటు అందులో భాగం. 2015లోనే కేంద్రం మదద్ అనే ఫిర్యాదుల పోర్టల్ తెరిచింది. ఇంటర్నెట్‌లోకి వెళ్లి, వివరాలు నింపి, కాగితాలు జతచేస్తే ఫిర్యాదు నమోదవుతుంది. ఈ ఏర్పాటు చేసినవాళ్లు ఫిర్యాదు చేసే మనిషిని ఎలా ఊహించుకున్నారో మీరే ఆలోచించండి. శుక్రవారం గంటసేపు స్పీకరు పెట్టి మాట్లాడే స్త్రీ ఆ ఊహలో లేదు.

"ఫోను ఇస్తే పని మానేసి అందులోనే కూర్చుంటారు, మా ఇంటి ఫోటోలు బయట పెడతారు" అని యజమానుల వాదన. పని గంటల్లో ఫోను పక్కన పెట్టమనడంలో తప్పులేదు, అది ఏ ఆఫీసులోనైనా ఉండేదే. పిల్లల ఫోటోలు తీయొద్దనడమూ న్యాయమే. కానీ అలా నియమం పెట్టడానికీ, ఫోను జప్తు చేయడానికీ తేడా ఉంది. పైగా పనిగంటలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో తెలియని ఇంట్లో 'పని గంటల్లో వద్దు' అంటే ఎప్పుడూ వద్దనే అర్థం.

అయితే నేరమంతా అక్కడి మేడం మీదకు నెట్టి మనం చేతులు దులుపుకోలేం. ఫోనుకు రెండో కొస మన ఊళ్లో ఉంది. నేను మాట్లాడిన స్త్రీలలో చాలామంది బ్యాంకు ఖాతా వాళ్ల పేరుమీదే ఉంది. కానీ ఖాతాకు ముడిపెట్టిన ఫోను నంబరు భర్తదో కొడుకుదో. డబ్బు తీసేటప్పుడు వచ్చే రహస్య సంఖ్య ఆ ఫోనుకే పోతుంది. "నా పేరుమీదనే ఉంది లేక్కా ఖాతా, ఫోను ఆయన దగ్గరుంది" అని ఒకామె ఎంత మామూలుగా చెప్పిందో! ఆరేళ్ల కష్టం ఎటుపోయిందో ఆమెకు ఇంటికొచ్చాక తెలిసింది. తన సొంత ఇండియా నంబరును వెంట తీసుకువెళ్లినవాళ్లకు ఇంకో బాధ. రీచార్జి చేయకుండా వాడకుండా 90 రోజులు ఉంచితే ఆ నంబరు రద్దయ్యే ప్రమాదం ఉంది, ఆ తర్వాత అదే నంబరు మరొకరికి ఇస్తారు. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో పది దేశాల జాబితా ప్రకటించారు. సౌదీ, ఎమిరేట్స్, ఒమన్, ఖతార్ ఉన్నాయి. సుమారు పదిలక్షలమంది భారతీయులున్న కువైట్ ఆ జాబితాలో లేదు.

రాత్రి ఎవరితో మాట్లాడుతున్నావని అక్కడ మేడం అడుగుతుంది, ఇక్కడ అత్తగారు అడుగుతుంది. కాల్ కలవకపోతే ఎవరితోనో ఉందని ఊళ్లో అనుమానం. వీడియో కాల్ చేసి గది నాలుగు మూలలూ చూపించమన్న భర్తలున్నారు. ఆడవాళ్ల చేతిలో ఫోను అంటే భయం గల్ఫ్ సంస్కృతి మాత్రమే కాదు. 2019లో కేరళలో ఒక కాలేజీ విద్యార్థిని, ఆడపిల్లల హాస్టలులో సాయంత్రం పూట ఫోను లాక్కునే నియమాన్ని ఒప్పుకోనందుకు హాస్టలు నుంచి వెళ్లగొట్టబడింది. ఫహీమా షిరీన్ అనే ఆ అమ్మాయి వేసిన కేసులో ఆ రాష్ట్ర హైకోర్టు, ఇంటర్నెట్ పొందడం చదువుకునే హక్కులోనూ, గోప్యత హక్కులోనూ భాగమని తీర్పు ఇచ్చింది. హాస్టలు వార్డెను బీరువాకూ, కువైట్ మేడం బీరువాకూ మధ్య ఉన్న పోలిక చూడగలిగితే మన పని సగం అయినట్టే.

కార్యకర్తలుగా మన పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. కష్టంలో ఉన్న స్త్రీ నంబరు దొరకగానే "మేం ఫలానా సంఘం నుంచి, నీ యజమాని మీద కేసు పెడదాం" అని సందేశం పెట్టేస్తాం. ఆ సమయంలో ఫోను ఎవరి చేతిలో ఉందో ఆలోచించం. నేనూ ఒకసారి ఇలాగే చేశాను. తర్వాత రెండు నెలలు ఆమె ఫోను మూగబోయింది. ఆమె ఏడుస్తూ పంపిన వీడియోను అందరికీ పంపేస్తాం. అది కొన్నిసార్లు ప్రభుత్వాన్ని కదిలిస్తుంది, కాదనను. కానీ ఆ వీడియోలో యజమాని ఇల్లు, మనుషులు కనిపిస్తే అక్కడి చట్టాల కింద ఆమె మీదే కేసు పెట్టవచ్చు. బయటపడే దారి ఖాయం చేసుకోకుండా, ఆమె అనుమతి అడగకుండా వీడియో బయటపెట్టడం సహాయం అనిపించుకోదు. అలాగే కాల్ కలవకపోతే వీపీఎన్ వేసుకోమని తేలిగ్గా చెప్పేస్తుంటాం. ఎమిరేట్స్‌లో 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాన్ని దాచడానికో అలా చిరునామా మార్చినట్టు తేలితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా. ఏది నేరమో నిర్ణయించేది మనం కాదు. శిక్ష పడేదీ మనకు కాదు.

కాబట్టి ఏం అడగాలి, ఏం చేయాలి? ఇంటిపనికి వెళ్లే ప్రతి స్త్రీ పని ఒప్పందంలో నాలుగు మాటలు ఉండాలి: ఫోను ఆమె దగ్గరే ఉండాలి, అకామా రాగానే ఆమె పేరుమీదే సిమ్ ఇప్పించాలి, పని లేని వేళల్లో ఇంటి వైఫై ఆమెకు కూడా ఇవ్వాలి, మాట్లాడేటప్పుడు ఒంటరిగా మాట్లాడుకోనివ్వాలి. స్త్రీలను పంపే బాధ్యత తీసుకున్న ఆంధ్రప్రదేశ్ ఓంక్యాప్, తెలంగాణ టాంకామ్ సంస్థలు ప్రభుత్వానివే. తాము రాసే ఒప్పందాల్లో ఈ మాటలు చేర్చడానికి ఎవరి అనుమతికోసమో ఆగనక్కరలేదు. కేంద్రం కువైట్‌తో చేసుకున్న ఒప్పందంలోనూ ఇవి చేరాలి. ఫిలిప్పీన్స్ అడిగి తెచ్చుకోగలిగినదాన్ని మనం ఎందుకు అడగలేదని నిలదీయాలి.

మన స్థాయిలో చేయగలిగినవీ ఉన్నాయి. వెళ్లేముందు ఇచ్చే శిక్షణలో ఒక పూట ఫోనుకే కేటాయించాలి. వాట్సాప్‌కు రెండో పిన్ పెట్టుకోవడం, తన ఖాతా ఇంకే యంత్రానికైనా కలిపి ఉందేమో చూసుకోవడం, రాయబార కార్యాలయం నంబరు, ఇంటివాళ్ల నంబరు కంఠతా పట్టడం చేతులతో చేయించి నేర్పాలి. ఫోను లాక్కుంటే మిగిలేది కంఠతా ఉన్న నంబరే. బయలుదేరకముందే బ్యాంకు ఖాతాకు ఆమె చేతిలో ఉండే నంబరే ముడిపెట్టించాలి. మనం ఆమెతో మాట్లాడేటప్పుడు మొదట ఇంటి సంగతుల్లా కనిపించే ఒక మాట అనుకుని ఉండాలి. "పెద్దమ్మకు ఒంట్లో ఎలా ఉంది?" అంటే ఫోను నీ దగ్గరే ఉందా అని అర్థం. తగిన జవాబు రాకపోతే ఇంకేం రాయకూడదు. ఇది మేం కొంతకాలంగా చేస్తున్నాం, పనిచేస్తోంది.

రాజంపేట దగ్గరి ఆమె మళ్లీ కువైట్ వెళ్లే ఆలోచనలో ఉంది. అప్పులింకా తీరలేదు. ఈసారి ఏజెంటుతో ఏం మాట్లాడావని అడిగాను. జీతం సంగతి తర్వాత, ముందు ఫోను సంగతి తేల్చమన్నానని చెప్పింది. ఏజెంటు నవ్వి, అలాంటివి కాగితంలో రాయరమ్మా అన్నాడట. ఎందుకు రాయరు అని అతన్ని అడగాల్సింది ఆమె ఒక్కతే కాదు. మీ ప్రాంతంలో గల్ఫ్ వెళ్లొచ్చిన స్త్రీలను కలిసినప్పుడు ఈ ఒక్క ప్రశ్న కూడా అడగండి: "నీ ఫోను ఎవరి దగ్గరుండేది?" వాళ్లు చెప్పింది రాసి పెట్టండి. ఒప్పందాలు మార్చమని రేపు మనం ప్రభుత్వం ముందుకు వెళ్లినప్పుడు ఆ మాటలే మనకు సాక్ష్యం.